బుగ్గల మీద వెలుతురు

ఫిబ్రవరి 9

ఏమే రెప్పలమ్మా,

కాలు దిండు మీద, అట్ట పొట్ట మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. మన నిచ్చెన పిల్ల నీకు సగమే చెప్పి ఉంటుంది కాబట్టి మిగతా సగం విను. స్టూడియోలో బూడిదరంగు పరదా మారుద్దామని స్టూలెక్కాను. స్టూలు బాగానే ఉంది. నేనే పరదా పట్టుకుని వెనక్కి వాలాను, పరదా కూడా నాతోనే వచ్చేసింది. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, లోపల రాడ్డు వేశారు. ఆరు నెలలు ప్రయాణాలు వద్దన్నాడు డాక్టరు. ముందు నా వయసెంతో కనుక్కుని, తర్వాత మెట్లు కూడా వద్దన్నాడు.

ఫోను చెయ్యొద్దు. చెవి మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీసేస్తే నువ్వు బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పోయినసారి నువ్వు "లెన్సు కొన్నా" అంటే నేను "ఎవరిని కన్నావే" అని అరిచాను, వీధంతా విన్నది. మనకి ఉత్తరాలే మంచివి.

నువ్వు పంపిన మూడు ప్రింట్లూ అందాయి. మొదటిది బాగుంది. రెండోదాంట్లో మన వైపున్న కన్ను వదిలేసి చెవి రింగు మీద ఫోకస్ పెట్టావు. అమ్మేది రింగా, ముఖమా? మూడోదాని గురించి నేను మాట్లాడను, నీ పరువు నా పరువే కదా.

అసలు సంగతికి వస్తాను. నెలకొక ప్రింటు పంపు. నిచ్చెన ముఖం, పెద్ద సైజు, మెరుపులేని కాగితం మీద, కంప్యూటర్లో ముట్టుకోకుండా. వీడియోలో కనపడవే అంటే నెట్ లేదంటుంది, ఉన్నప్పుడు ఫోను నెత్తిమీద పట్టుకుని నుదురు చూపిస్తుంది. నేను కన్నది నుదురొక్కటే కాదు. పదేళ్ళకే నన్ను దాటి పెరిగిందని మనం నిచ్చెన అని ఏడిపించేవాళ్ళం, ఆ పొడుగే దానికి మోడలింగు పని తెచ్చిపెడుతుందని ఎవరనుకున్నారు! నీ చేతిలో పెట్టి పంపాను దాన్ని. మీ అమ్మ పోయాక నువ్వు నా దగ్గర ఎలా పెరిగావో అది నీ దగ్గర అలా ఉండాలి. తింటోందా? ఆ ఒక్క ముక్క రాయి.

కాలు ఇక్కడ, మనసు మీ గదిలో,
పిన్ని


ఫిబ్రవరి 25

పిన్నీ,

ముందుగా నీ స్టూలు క్షేమమే అయినందుకు చాలా సంతోషం.

మా స్టూడియో ఒకప్పుడు టైర్ల గోడౌను. ఎండెక్కితే ఇప్పటికీ రబ్బరు వాసనే. ఇక్కడి విచిత్రం ఒకటి చెప్తాను. బట్టలన్నీ ఒకే సైజులో వస్తాయి, వేసుకున్న మనిషికి వదులైతే వెనకనుంచి క్లిప్పులు పెట్టి బిగిస్తారు. ముందునుంచి చూస్తే మహారాణి, వెనకనుంచి చూస్తే బట్టలారేసే తాడు. నిచ్చెనకి నాలుగు క్లిప్పులు పడతాయి. దాని వీపు ఫొటో ఒకటి పంపుదామనుకున్నా, అది నా మీద పడి కొట్టింది.

పెద్ద వార్త. మా సారు ఒక లిప్‌స్టిక్ కంపెనీ కేటలాగు నా చేతికిచ్చేశారు. మొదటిసారి సొంతంగా! లైటు ఒకటీ, లెన్సు ఒకటీ అద్దెకు తెచ్చుకోవచ్చన్నారు. లైటుకి పెద్ద గొడుగా, లోహపు పళ్ళెమా? ఎనభై ఐదు లెన్సా, నూట ముప్పై ఐదా? నువ్వు ఏదంటే అదే.

ఇంకో సందేహం ఉంది. ఒకమ్మాయి వస్తోంది షూటింగుకి. బుగ్గలు బాగా లోపలికి పోయాయి, కళ్ళ కింద గుంటలు, మెడ దగ్గర ఎముకలు తేలాయి. నిండుగా ఆరోగ్యంగా కనపడాలి. కంప్యూటర్లో చెయ్యకూడదు, చేస్తే తెలిసిపోతుంది. లైట్లతోనే అయ్యే పనా?

తింటోంది పిన్నీ. బెంగపడకు.

నీ రెప్ప


మార్చి 6

కేటలాగు రాణిగారికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి దర్జీ అక్కకి వినిపించాను. పక్క కొట్టులో బట్టలు కుట్టుకునే మనిషికి గొడుగు గొడవ ఏం అర్థమవుతుంది, అయినా పాపం తలూపింది. నా కాలు విరిగినప్పటినుంచి రెండు పూటలా భోజనం తనే తెస్తోంది, కాబట్టి నేనేం చెప్పినా వినాల్సిన ఖర్మ తనది.

పళ్ళెం జోలికి పోకు. ఆ వెలుతురు ఎముకని వెతుక్కుంటూ పోతుంది. నీ అమ్మాయికి ఉన్నవి ఎముకలే కదా. పెద్ద గొడుగు తెచ్చి, ముందు తెల్లగుడ్డ కట్టి, ముఖానికి ఎంత దగ్గరగా పెట్టగలవో అంత దగ్గరగా పెట్టు. ఫొటోలోకి రాకుండా చూసుకుంటే చాలు. దగ్గరయ్యే కొద్దీ మెత్తబడుతుంది. ఇక తెల్ల అట్టలు. చెవికి జానెడు దూరంలో అటొకటి, ఇటొకటి, ఒళ్ళో ఇంకొకటి. పైనుంచి వచ్చిన వెలుతురు అట్టకి తగిలి కిందనుంచి బుగ్గ గుంటలోకి పోతుంది. నీడ ఉంటేనే గుంట తెలుస్తుంది, నీడ తీసేశావా, గుంట లేదు. ముఖం కొంచెం పక్కకి తిప్పిస్తావు కదా, అప్పుడు కెమెరా వైపున్న బుగ్గ మీదే లైటు పడాలి. అవతలి బుగ్గ మీద పడితే ఉన్న ముఖం కూడా సగమైపోతుంది.

నూట ముప్పై ఐదు తెచ్చుకో. దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పారిపోతాయి, ముఖం కోలగా సన్నబడుతుంది. వీపు గోడకి తగిలేదాకా వెనక్కి జరిగి, పొడుగు లెన్సుతో తియ్యి. ముఖం చక్కగా పరుచుకుంటుంది. జుట్టు బుగ్గల మీద పడనీకు, వెనక్కి కట్టించు. మెడ దగ్గర ఏ లైటూ పని చెయ్యదు, ఎత్తు కాలరు వేయించి ఊరుకో. మేకప్ అమ్మాయితో చెప్పు, గుంటలో ఒంటి రంగుకన్నా ఒక మెట్టు లేత రంగు వెయ్యాలని. చాలామంది అక్కడే ముదురు వేసి కొంప ముంచుతారు.

ఇదంతా నాకెవరు నేర్పారనుకున్నావ్? నువ్వు పుట్టకముందు ఒక నర్సు వచ్చింది నా దగ్గరికి. కామెర్లు వచ్చి లేచింది, పీనుగులా ఉంది. దూరాన ఉన్న వాళ్ళమ్మకి ఫొటో పంపాలట, ఆవిడ చూసి దిగులుపడకూడదట. రెండు గంటలు కుస్తీ పట్టి బుగ్గలు తెప్పించాను. నెల తర్వాత వాళ్ళమ్మ నాకే ఉత్తరం రాసింది, మా అమ్మాయి కోలుకుంది, నీ చెయ్యి చల్లగా ఉండాలని. ఇప్పటికీ ఆ ఉత్తరం ఎక్కడో దాచాను. అంత గర్వంగా ఉండేది నాకు.

నిచ్చెన ప్రింటేది? నెల తిరిగింది.

పిన్ని


మార్చి 27

పిన్నీ,

ప్రింటు పంపుతున్నా. కంప్యూటర్లో ముట్టుకోలేదు, నీ మీద ఒట్టు.

గొడుగూ నూట ముప్పై ఐదూ తెచ్చాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. సారు మానిటర్ చూసి, ఎవరు నేర్పారని అడిగారు. మా పిన్ని అన్నాను.

పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తా.

రెప్ప


ఏప్రిల్ 11

ఒసేయ్,

బుగ్గలొచ్చాయే! దానికి బుగ్గలొచ్చాయి! కవరు చించి ప్రింటు తీయగానే "అక్కా" అని ఒక్క కేక పెట్టాను. దర్జీ అక్క కత్తెర పట్టుకునే పరుగెత్తుకొచ్చింది, నేను మళ్ళీ పడ్డాననుకుని. ఇద్దరం కిటికీ దగ్గర పెట్టుకుని చూశాం. చిన్నప్పుడు నిద్రలేచినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. నీటి బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన కూడా చూశాడు.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. భూతద్దం పెట్టి దాని కళ్ళలోకి చూశాను. కంట్లో పడ్డ తెల్ల చుక్కలు లెక్కపెడితే గదిలో ఏ లైటు ఎక్కడుందో నేను చెప్పేస్తానని నీకు తెలుసు. పైన గొడుగు. కింద అట్ట. అటుపక్క అట్ట. ఇటుపక్క అట్ట. మొత్తం నాలుగు! ఆ బక్కపిల్ల కోసం నేను చెప్పిన పాఠమే కదే ఇది! షూటింగయ్యాక లైట్లు తీయడానికి బద్ధకమేసి, మన పిల్లని కూడా అందులోనే కూర్చోబెట్టేశావు. చివరికి ముఖం చపాతీలా వచ్చింది. దానికి ఆ అవసరం ఏముంది? ఒక్క కిటికీ చాలు దాని ముఖానికి. ఈసారి అట్టలన్నీ గోడకి చేరేసి, కిటికీ పక్కన నిలబెట్టి తియ్యి.

బద్ధకస్తురాలి పిన్ని


మే 4

పిన్నీ,

అవును, బద్ధకమే. నువ్వు పట్టేస్తావని తెలిసి కూడా చేశాను. ఇప్పుడు పంపుతున్న ప్రింటులోనూ అదే జరిగింది, తిట్టు. కిటికీ దగ్గర తీద్దామంటే వెలుతురున్న టైములో నిచ్చెనకి పనుంటోంది, పని లేని రోజు మధ్యాహ్నం పడుకుంటోంది. ఇప్పుడు కూడా పక్కనే పడుకుని ఉంది. అలిసిపోయింది పాపం. మా మేడ కింద హోటలు ఒకటి పెట్టారు, ఆ వంట వాసన దానికి పడటం లేదు, కిటికీలన్నీ మూసేస్తోంది.

కాలరు సంగతి అడుగుతావేమో. స్టూడియోలో ఏసీ ఎక్కువ, దానికి చలి. అందుకే ఆ పెద్ద చొక్కా.

కేటలాగు అచ్చయింది. ఒక కాపీ పెట్టాను. పెదవులన్నీ నావే, అంటే నేను తీసినవే. నవ్వు పిన్నీ.

రెప్ప


మే 16

ఎన్నో నెల?

నవ్వమన్నావు. నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు, నవ్వమంటావా?

నేను ముఖమే చూశాను. బట్ట చూసింది దర్జీ అక్క. "ఈ చొక్కా మీ అమ్మాయి సైజు కాదు, రెండు సైజులు పెద్దది. ఇలాంటివి నా దగ్గర ఎవరు కుట్టించుకుంటారో తెలుసా?" అంది. తెలియకేం! అప్పుడు దాని రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టాను. బుగ్గలు నిండాయి. ఒళ్ళు ఎక్కడా కనపడదు, భుజాల దగ్గరే కోసేస్తున్నావు. మధ్యాహ్నం నిద్రలు. వంట వాసన పడదు. వీడియోలో నుదురు తప్ప చూపించదు. నేనూ ఒకదాన్ని కన్నాను రెప్పలమ్మా, నాకు లెక్కలు రావనుకోకు.

నేను తిట్టను. ఎవరూ ఏంటీ అని కూడా అడగను. దానికి చెప్పు, అమ్మ ఏమీ అనదని. వచ్చేయమను. స్టూడియో వెనక గది ఖాళీ చేయిస్తున్నాను, అక్కడైతే మెట్లు లేవు. నాకు తెలిసిన నర్సులున్నారు, డాక్టరమ్మ రెండు వీధుల అవతలే ఉంది. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు, ఎలాగూ నాకు వినపడదు. దర్జీ అక్క అప్పుడే మెత్తని గుడ్డలు కత్తిరించి పెట్టింది, వద్దన్నా వినలేదు.

దాన్ని కడుపునిండా తినమని చెప్పు.

పిన్ని


మే 27

పిన్నీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అది తల్లి కావడం లేదు. నీ ఉత్తరం చదువుతుంటే, అదే నిజమైతే ఎంత బాగుండును అనిపించింది. దర్జీ అక్క కత్తిరించిన గుడ్డల దగ్గర ఇక చదవలేకపోయాను. దానికి డిసెంబరునుంచి నెలసరే రావడం లేదు పిన్నీ. ఒంట్లో కండ ఉంటే కదా.

ఒకమ్మాయి అని నేను రాసింది, బక్కపిల్ల అని నువ్వన్నది దాని గురించే. వేరే అమ్మాయి ఎవరూ లేరు.

ఏజెన్సీలో ప్రతి సోమవారం టేపు పెట్టి కొలతలు తీసే మేడమ్ ఒకావిడ ఉంది. నడుం దగ్గర ఒకటిన్నర అంగుళం తగ్గితే పెద్ద పనులొస్తాయంది. నిచ్చెన మూడు అంగుళాలు తగ్గింది. ఇంకా ఆపడం లేదు. పొద్దున నల్ల కాఫీ, మధ్యాహ్నం నాలుగు దోసకాయ ముక్కలు, ఆకలేస్తే ఐసు నమలడం. ఎదురుగా కూర్చుని కలిపి పెట్టాను, బతిమాలాను, నేను కూడా తినడం మానేశాను. తిన్నట్టే తిని బాత్‌రూమ్‌లోకి వెళ్తుంది. క్లిప్పులు నాలుగు కాస్తా ఇప్పుడు పదకొండు. దువ్వెన నిండా జుట్టే. మే నెలలో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది.

మార్చిలో మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను, చేర్చమన్నారు. అది లేచి కూర్చుని, నాకిష్టం లేదని సంతకం పెట్టి వచ్చేసింది. ఇరవై దాటింది కదా, బలవంతం చేయలేమన్నారు. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, గుండె మీద పడుతుందమ్మా, ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో చెప్పలేనన్నారు.

అమ్మకి చెప్తే విరిగిన కాలుతో దిగిపోతుంది, దారిలో పడిపోతే నీదే పూచీ అంది. ఒక్క నెల ఆగు అక్కా, తినేస్తా, అప్పుడు అమ్మకి చూపిద్దాం అంది. నేను నమ్మాను. నువ్వు అడిగిన ప్రింటు పంపాలి, ఉన్న ముఖం పంపలేను. అందుకే నిన్నే అడిగాను. నీ అంత బాగా నేర్పేవాళ్ళు నాకింకెవరున్నారు?

నన్ను ఏం చేస్తావో చెయ్యి. దాన్ని ఏం చెయ్యాలో మాత్రం చెప్పు.

రెప్ప


జూన్ 5

రెప్పా,

మూడు రోజులు కాగితం ముందు కూర్చుని లేచాను. నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా నా దగ్గరికే వస్తోంది. ఆ నర్సు వాళ్ళమ్మకి నేను చేసిందే నాకు నువ్వు చేశావు. ఆవిడ కూడా ఊరంతా తిరిగి చూపించే ఉంటుంది. నా బిడ్డ పస్తులుంటే, ఆ పస్తులు కనపడకుండా ఎక్కడ అట్ట పెట్టాలో నేనే నీకు విడమరిచి చెప్పాను. పైగా ముఖం చపాతీలా ఉందని వెక్కిరించాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళి బతిమాలాను. రాడ్డు కదిలితే మళ్ళీ కోయాలి, ఆగస్టుదాకా కుదరదన్నాడు. నిచ్చెనకి ఫోను చేశాను. నేను ఏడుస్తున్నాను, అదేదో అంటోంది, ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత మెసేజీ పెట్టింది, "బాగున్నా అమ్మా, అక్క అన్నీ పెద్దవి చేసి చెప్తుంది" అని.

నాకు తెలిసింది ఒకటే పని. అది చెప్తాను, చెయ్యి. ఎనభై ఐదు లెన్సు పెట్టు. ఒక్క కిటికీ, పక్కనుంచి. గొడుగు వద్దు, అట్టలు వద్దు, రంగు వద్దు. చేతుల్లేని బనీను. జుట్టు ఎలా ఉంటే అలా. ఉన్నది ఉన్నట్టు తీసి, పెద్దది చేసి దాని ముందు పెట్టు. అద్దంలో ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకుంటారు. ఫొటో ముందు అలా కుదరదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ కౌంటరు దగ్గర చూస్తున్నాను, ఫొటో చేతిలో పెట్టగానే "నేనిలా ఉన్నానా" అని అడగని మనిషి లేడు. అది కూడా ఆ మాట అడగాలి. అడిగిందంటే తింటుంది. నా మనసు చెప్తోంది.

నాకొక ప్రింటు పంపు. నేను చూడగలను.

పిన్ని


జూన్ 30

పిన్నీ,

తీశాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, మా గదిలోనే. ఎప్పుడూ లేనిది, అడగ్గానే ఒప్పుకుంది. మంచం పక్కకి జరిపాను. నువ్వు చెప్పినట్టే ఒక్క కిటికీ, ఇంకేమీ లేదు. బనీను భుజాలమీంచి జారిపోతోంది. మోచెయ్యి చేతికన్నా లావుగా ఉంది. కెమెరా వెనక నేను ఏడుస్తూనే ఉన్నాను. కానీ పిన్నీ, నా చేతులు ఆగలేదు. గడ్డం కొంచెం ఇటు అన్నాను. ఊపిరి వదిలేయ్ అన్నాను. మన వైపున్న కంటి మీద ఫోకస్ పెట్టాను. నువ్వు నేర్పిన పనే కదా, తప్పు తీయడం నాకు రాదు.

మానిటర్ మీద పెద్దది చేసి పెట్టాను. దగ్గరికి జరిగి మెడ ఎముకలు చూసుకుంది, పక్కటెముకలు చూసుకుంది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని నేను నిలబడే ఉన్నాను. వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "అక్కా, నన్ను ఇంత అందంగా ఇప్పటిదాకా ఎవరూ తీయలేదు" అని నన్ను కావలించుకుంది. నా చేతులకి దాని వీపు తగిలింది, క్లిప్పుల్లేకుండా.

నేను స్నానానికి వెళ్ళొచ్చేలోపు ఆ ఫొటో ఏజెన్సీకి పంపేసింది. మర్నాడే మేడమ్ ఫోను. ఒక సెంటు కంపెనీ అదే ఫొటో కావాలందట. అదే ముఖం, అదే కిటికీ వెలుతురు, నేనే తీయాలట. మా సారు స్వీట్లు పంచారు. నిచ్చెన ఒక్కటి కూడా తీసుకోలేదు. నేను ఒప్పుకున్నాను పిన్నీ. నేనైతే పక్కనే ఉండి చూసుకుంటా కదా అనుకున్నాను.

ప్రింటు పెట్టాను. కూర్చుని చూడు. దర్జీ అక్కని పక్కన ఉండమను.

రెప్ప


జూలై 13

రెప్పా,

చూశాను.

నీతో అబద్ధమాడను, నాకింక ఆ ఓపిక లేదు. కవరులోంచి తీయగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అబ్బ, ఎంత బాగా తీసిందే" అని. మొదట ఫొటో చూశాను. ఆ తర్వాతే నా బిడ్డని చూశాను. ఆ రెండింటి మధ్య ఎంతసేపు పట్టిందో తెలియదు కానీ, ఆ కాసేపు గుర్తొస్తే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. దర్జీ అక్క అయితే చూడగానే చీరకొంగు నోట్లో కుక్కుకుని బయటికెళ్ళిపోయింది. తనకి ఫొటోలు తెలియవు, అందుకని తిన్నగా చూసింది.

నిచ్చెనకి పెద్ద మెసేజీ పెట్టాను, గంటసేపు ఒక్కో అక్షరం కొట్టుకుంటూ కూర్చుని. తిను తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా అని కూడా రాశాను. "అమ్మా, నువ్వే ఫొటోగ్రాఫరువి, నీకైనా అర్థం కావాలి కదా" అని జవాబు పెట్టింది. నాకు అర్థమవుతోంది కాబట్టే కదా ఈ ఏడుపు.

ఇక దాన్ని తీయకు. ఎవరడిగినా తీయనను. పని పోతే పోనీ. నువ్వు తీయకపోతే వాళ్ళకి ఆ వెలుతురు దొరకదు.

పిన్ని


ఆగస్టు 4

పిన్నీ,

తీయనన్నాను. సారు అరిచారు, మేడమ్ అరిచింది, నేను గొడుగు మడిచి పక్కన పెట్టేశాను. రెండు రోజుల్లో ఇంకో ఫొటోగ్రాఫరు వచ్చాడు. నా ఫొటో టేబులు మీద పెట్టుకుని, భూతద్దంతో దాని కంట్లో చుక్కలు చూసి, ఒకటే కిటికీ అనుకుంటూ అదే వెలుతురు పెట్టుకున్నాడు. పైగా రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెట్టాడు. ఉన్న బుగ్గ కూడా ఉండకుండా.

నిచ్చెన నాతో మాట్లాడటం మానేసింది. "నా మీద ఏడుస్తున్నావు అక్కా. నీకు పేరొస్తే చాలనుకున్నావు, నాకొచ్చేసరికి ఓర్వలేకపోతున్నావు" అంది. పోయిన గురువారం నేను పనికెళ్ళిన సమయంలో సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. ఏజెన్సీ వాళ్ళు ఎక్కడో ఫ్లాటు ఇచ్చారట. అడ్రసు అడిగితే మోడళ్ళ అడ్రసులు బయటివాళ్ళకి చెప్పమంటున్నారు. నేను బయటిదాన్నట! మూడు రోజులు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాను, సెక్యూరిటీ వాళ్ళు పంపేశారు. పోలీసుస్టేషనుకీ వెళ్ళాను. మేజరు కదా, తనంతట తనే వెళ్ళింది కదా అన్నారు.

గదిలో ఉన్నన్నాళ్ళూ రోజుకి ఒక్కసారైనా ఊపిరి పీలుస్తోందా లేదా అని చూసేదాన్ని. ఇప్పుడు బస్‌స్టాపుల్లో దాని బొమ్మని చూస్తున్నాను. సెంటు సీసా పట్టుకుని, రెండు నిలువుల ఎత్తున.

నేను మాట తప్పాను పిన్నీ. నువ్వు నా చేతిలో పెట్టావు.

రెప్ప


ఆగస్టు 17

అమ్మా రెప్పా,

నువ్వు ఏ మాటా తప్పలేదు. ఏడవకు. నేనూ ఏడవడం ఆపేశాను, ఆపకపోతే కళ్ళజోడు నిలవడం లేదు.

కట్టు విప్పారు. కర్రతో నడుస్తున్నాను. నిన్న స్టూడియో తెరిచాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది. పదకొండింటికి తల్లీ కూతురూ వచ్చారు. పదహారేళ్ళుంటాయి ఆ పిల్లకి, బొద్దుగా ముద్దుగా ఉంది. పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి కౌంటరు మీద పెట్టి, "ఆంటీ, నన్ను ఇలా తీయండి" అంది. మన నిచ్చెనే. నేను చెవి మిషను సర్దుకుని మళ్ళీ అడిగాను, సరిగ్గా వినలేదేమోనని. "ఇలాగే, ఈ వెలుతుర్లోనే" అంది. పొద్దున ఏమీ తినలేదట, ఫొటోకి సన్నగా పడాలని.

ఈ అమ్మాయి మా అమ్మాయి అన్నాను. భయపడుతుందనుకున్నాను, బుద్ధి చెప్దామనుకున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని గంతులేసింది. వాళ్ళమ్మ కౌంటరు మీదికి వంగి, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో మాటా స్పష్టంగా పలుకుతూ అడిగింది. "ఏం పెట్టి పెంచారండీ? మాది చూడండి, ఎలా ఉందో."

లేచి వాళ్ళని బయటికి పంపేశాను. షట్టరు దించేశాను. వాళ్ళిద్దరూ బయట నిలబడి కాసేపు తలుపు కొట్టారు.

రేపు పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. డాక్టరుకి చెప్పలేదు, దర్జీ అక్క సీటుదాకా వచ్చి ఎక్కిస్తానంది. ఈ ఉత్తరం కూడా రేపే అక్కడికి బయల్దేరుతుంది, నాకన్నా ముందో వెనకో చేరుతుంది. వచ్చి ఏం చేస్తానని అడగకు. దాని అడ్రసు నీకూ ఇవ్వలేదన్నావు కదా. దాని బొమ్మ పెట్టిన వీధులేవో ఒక కాగితం మీద రాసి ఉంచు. ముందు అక్కడికి వెళ్దాం.

పిన్ని